హైమెండార్ఫ్ తెలంగాణ పని మొదలైంది అమ్రాబాద్ గుట్టల మీద

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం పేజీల్లో మానవశాస్త్ర ఆచార్యుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ జీవితం మీద వచ్చిన వ్యాసం చదివాం. ఒక పరిశోధకుడికి పేజీన్నర కేటాయించడం ఈ రోజుల్లో తక్కువ సంగతేమీ కాదు. కాకపోతే ఆ వ్యాసం ఆదిలాబాద్‌లో మొదలై గోండుల ఊరు మార్లవాయిలో ముగిసింది. మధ్యలో పాలమూరు (మహబూబ్‌నగర్) పేరు ఒక్కసారి కనిపించింది, అదీ బ్రాకెట్లో. పొరపాటు మీ వ్యాసకర్తది మాత్రమే కాదు. హైమెండార్ఫ్ అనగానే గోండులు, గోండులు అనగానే కుమ్రం భీం, భీం తర్వాత నిజాం పంపిన దొర అని కథ అల్లుకుపోయింది. అందులో సగం నిజమే. ఆ సగం వల్ల మిగతా సగం కనబడకుండా పోయింది కాబట్టి ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గానే రాయాల్సి వస్తున్నది.

హైదరాబాద్ రాజ్యంలో ఆయన మొదట పని చేసింది గోండుల మధ్య కాదు. 1940లో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద, చెంచుల పెంటల్లో, అంటే అడవిలోని వాళ్ల చిన్న ఊళ్లలో. ఆ పని 1943లో ‘ది చెంచూస్’ అన్న పేరుతో లండన్‌లోని మాక్‌మిలన్ వాళ్ల పుస్తకంగా వచ్చింది. హైదరాబాద్ ఆదివాసీల మీద ఆయన రాసిన మూడు సంపుటాల్లో అది మొదటిది. గోదావరి గుట్టల కొండరెడ్ల మీద రెండోది 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద మూడోది 1948లో వచ్చాయి. భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది కూడా 1940లోనే. అయితే హైమెండార్ఫ్ గోండుల మధ్యకు వెళ్లింది ఆ తర్వాత. కాబట్టి ‘భీం తిరుగుబాటు మీద నివేదిక కోసం నిజాం ఆయన్ను రప్పించాడు’ అన్న మీ వాక్యం సరికాదు. అప్పటికే ఆయన ఇక్కడ ఉన్నారు, ఇప్పపూల కాలంలో చెంచులు ఏం తిని బతుకుతున్నారో రాసుకుంటున్నారు.

ఇక్కడికి ఎలా వచ్చారన్నది కూడా సరిచేయాలి. ఆయన ‘బ్రిటిష్ శాస్త్రవేత్త’ కారు, అప్పటికి. 1909లో వియన్నాలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి, అస్సాం కొండల తెగల సామాజిక వ్యవస్థ మీద 1931లో డాక్టరేట్ తీసుకున్నారు. అది గ్రంథాలయంలో కూచుని రాసిన సిద్ధాంతగ్రంథం, ఆ కొండలను అప్పటికి కళ్లతో చూడలేదు. తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్ వెళ్లి మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ సెమినార్‌లో కూచున్నారు. జనం మధ్య నెలల తరబడి ఉండి, వాళ్ల భాషలో, వాళ్ల పనుల వెంట నడిచి రాయాలన్నది మలినోవ్‌స్కీ పాఠం. 1936–37లో కొన్యాక్ నాగాల మధ్య ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టారు. 1938లో బెట్టీ బర్నార్డోను పెళ్లాడారు. అదే ఏడాది ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది, ఆయన పాస్‌పోర్టు జర్మన్ పాస్‌పోర్టు అయిపోయింది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇద్దరూ భారతదేశంలో ఉన్నారు. ఇంగ్లిషు సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం ప్రభుత్వం ఆదరించడం వల్ల పని సాగింది, అయితే హైదరాబాద్ రాజ్యం దాటి పోవడానికి లేదు. నాగాల దగ్గరికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన మనిషికి ఈ రాజ్యంలోని అడవులే మిగిలాయి. యుద్ధం రాకుంటే పాలమూరు చెంచుల మీద ఇంత వివరంగా ఎనభై ఏళ్ల కిందటి పుస్తకం మనకు ఉండేది కాదేమో.

ఇక ఆ పుస్తకం విలువ ఎక్కడుందో చెప్పాలి. మీ వ్యాసంలో ‘గిరిజనుల ఆచార వ్యవహారాలు గ్రంథస్థం చేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చారు. ఆచారాలను గ్రంథస్థం చేసినవాళ్లు ఆయనకు ముందూ ఉన్నారు. తేడా పద్ధతిలో ఉంది. ఊరికి వచ్చి పటేల్‌ను పిలిపించి, పెళ్లి ఎట్లా, చావు ఎట్లా, దేవుడు ఎవరు అని అడిగి రాసుకుపోవడం పాత పద్ధతి. కొత్త పద్ధతిలో మొదట పెంటలో ఎన్ని గుడిసెలు, ఏ గుడిసెలో ఎవరెవరు, వాళ్లు ఒకరికొకరు ఏమవుతారు అన్నది రాసుకుంటారు. ఆచారం గురించి అడిగేది ఆ తర్వాతే. ఆ వరసల పటమే లేకుంటే ‘మేం మా ఇంటిపేరు వాళ్లను చేసుకోం’ అన్న మాట నిజంగా పాటిస్తున్నారా, నోటిమాటేనా అన్నది తేలదు.

వంశవృక్షం రాయడం వినడానికి తేలికే. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రివర్స్ 1910 నాటికి ఆ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టారు, నీలగిరి తోడాల మీద అదే పద్ధతి వాడారు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ సర్వే చేసేవాళ్లలో చాలామంది అందులో మొదటి మెట్టు దగ్గరే జారిపడతారు. ఎందుకంటే ‘నీకు అన్నదమ్ములెందరు?’ అని అడుగుతారు. చెంచులకైనా, మైదానంలో మనకైనా పెద్దనాయన కొడుకు అన్నే, చిన్నమ్మ కొడుకు తమ్ముడే. ఏడుగురు అన్న జవాబు వస్తుంది, ఫారంలో ఏడు పడుతుంది, ఒక ఇంట్లో ఏడుగురు మగపిల్లలు పుట్టినట్టు లెక్క తయారవుతుంది. అడగాల్సింది ‘నిన్ను కన్న తల్లి పేరేంది? ఆమె కడుపున మొదట పుట్టినోళ్లెవరు? తర్వాత?’ అని. పుట్టిన వరసలో పోవాలి. చిన్నప్పుడే పోయిన పిల్లలను విడిగా అడగాలి, అడగకుంటే చెప్పరు. ఇంకో పెంటకు పోయినవాళ్లను, రెండో మనువు చేసుకున్నవాళ్లను మళ్లీ విడిగా అడగాలి.

పేర్ల దగ్గర ఇంకో గుంట ఉంది. తాత పేరు మనవడికి పెడతారు. లింగయ్యలు, బయ్యన్నలు, ఈదయ్యలు ఒకే పెంటలో ముగ్గురు నలుగురు తేలుతారు. కాబట్టి పేరు మీద కాకుండా మనిషికో అంకె వేసుకుని, అంకెకో కార్డు పెట్టుకోవాలి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు గీతలు, చనిపోయినవాళ్ల మీద అడ్డగీత. కాగితం చిన్నదైతే మూడో తరానికి చోటు చాలదు, అందుకని పెద్ద చార్టు తీసుకోవాలి. భార్య భర్త పేరు పలకదు కాబట్టి ఆ పేరు ఇంకొకరి నోట రావాలి, అది వచ్చేదాకా ఆగాలి. ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. అంకె 14 మనిషి అంకె 22 మనిషిని ఏమని పిలుస్తాడు, తిరిగి ఆ మనిషి ఇతన్ని ఏమని పిలుస్తాడు అని రెండు వైపులా అడగాలి. ఒకరు ‘మామ’ అంటే రెండో వైపు ‘అల్లుడు’ రావాలి. ‘తమ్ముడు’ అని వచ్చిందా, పటంలో ఎక్కడో ఒక పెళ్లి తప్పిపోయిందన్నమాట. చాలాసార్లు అది విడిపోయిన మొదటి మనువే అయి ఉంటుంది. చెంచుల్లో ఆలుమగలు విడిపోవడం పెద్ద పంచాయితీ కాదు, ఆ సంగతి హైమెండార్ఫ్ కూడా రాశారు. బయటివాళ్ల ముందు మాత్రం చెప్పుకోరు.

ఒక కుటుంబానికి ఒక సాయంత్రం చాలదు, కనీసం రెండుసార్లు కూచోవాలి. రెండోసారి తప్పనిసరిగా భార్య తరఫువాళ్లను కూచోబెట్టి అడగాలి. వేళ కూడా చూసుకోవాలి. గడ్డలు తవ్వడానికి, తేనెకు, ఇప్పపూలకు మనుషులు తెల్లారకముందే వెళ్లిపోతారు. పదకొండు గంటలకు జీపు దిగిన అధికారికి పెంటలో ముసలివాళ్లు, పసిపిల్లలు, కుక్కలు తప్ప కనబడరు. ‘ఇల్లు ఖాళీ’ అని రాసి పోతారు. ఇప్పపూలు రాలే రోజుల్లో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, నీళ్లున్న చోటికి మకాం మార్చుకునే కుటుంబాలు పాత రోజుల్లో ఎక్కువ. 1940లో వాళ్ల బతుకు ఏ పూటకు ఆ పూట తెచ్చుకుని తినేది. గింజ దాచుకునే గాదె లేదు. గడ్డలు తవ్వే కర్రకు మొన మీద ఇనుము, ఒంటి మీద గుడ్డ, కొంచెం జొన్న, ఇవే మైదానం నుంచి వచ్చేవి.

ఆ ఇనుప మొన దగ్గరే ఆయన మీద మా విమర్శ కూడా ఉంది. వియన్నాలో ఆయన చదువుకున్న రోజుల్లో, ఆహారం సేకరించి బతికే తెగలు మానవజాతి తొలి దశకు మిగిలిన ఆనవాళ్లు అన్న సిద్ధాంతం బలంగా ఉండేది. ఆ కళ్లద్దాలు అమ్రాబాద్‌కు వచ్చాక కూడా ఆయన పూర్తిగా తీయలేదు. చెంచులను అతి పురాతన పొరగా చూడాలన్న తపన పుస్తకంలో తెలుస్తుంది. చెంచులు మాట్లాడేది తెలుగు. శ్రీశైలం యాత్రికులతో వాళ్లకు తరతరాల సంబంధం, మల్లన్న చెంచుల అల్లుడన్న కథ ఇప్పటికీ రెండు వైపులా చెప్పుకుంటారు. గడ్డ తవ్వే గునపానికి కమ్మరి కావాలి, కమ్మరి మైదానంలో ఉంటాడు. ఇన్ని దారులున్న జనాన్ని అడవిలో విడిగా ఆగిపోయిన కాలంగా చూడటం కుదరదు. మెచ్చుకోవాల్సిందేమంటే, తన సిద్ధాంతానికి అడ్డం వచ్చిన వివరాన్ని కూడా ఆయన దాచలేదు. మైదానం ఊళ్ల పక్కన చేరి కూలికి పోతున్న చెంచులను, అడవి పెంటల చెంచులను వేరువేరుగా చూపించారు. సిద్ధాంతం పాతబడింది, రాసుకున్న వివరం నిలబడింది.

వరసల పటం చదువుకునే పిల్లలకు పాఠంలా కాకుండా బతుకులా అర్థం కావాలంటే తేనె పట్టే పద్ధతి చెప్పాలి. కొండ అంచున పెద్ద ఈగల తుట్టె ఉంటుంది. పైన చెట్టుకో బండకో కట్టిన తీగల తాడు మీద మనిషి లోయలోకి దిగి, పొగ పెట్టి, తుట్టె కోసి బుట్టలో వేస్తాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది ఎవరు? అన్నదమ్ముడు కాదు, బావమరిది. కారణం అడిగితే చెంచులే చెప్తారు. తాడు తెగితే అన్నదమ్ముడికి వదిన మీద ఆశ పుట్టవచ్చు, బావమరిదికైతే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది, అందుకని వాడు ప్రాణం పెట్టి కాస్తాడు. ఎవరు ఎవరిని మనువాడవచ్చు, ఎవరి ప్రాణం ఎవరి చేతిలో పెట్టవచ్చు అన్నది ఒక్క తాడు మీద కనబడుతుంది. వంద పేజీల బంధుత్వ సిద్ధాంతం చదివి ఈ సంగతి గుర్తించనివాళ్లు ఉన్నారు.

బెట్టీ గారి గురించి మీ వ్యాసం ‘భర్తకు తోడుగా నిలిచిన ఇల్లాలు’ అన్నది. కొండరెడ్ల పుస్తకం మీద, రాజ్‌గోండుల పుస్తకం మీద సహకార రచయితగా ఆమె పేరు అచ్చయి ఉంది. 1979లో వచ్చిన గోండుల పుస్తకానికి ఇద్దరూ రచయితలే. పెంటలో, గూడెంలో ఆడవాళ్లు మగ పరిశోధకుడికి చెప్పని సంగతులు ఎన్నో ఉంటాయి, కాన్పు, మనువు, విడిపోవడం, పోయిన బిడ్డల లెక్క. పైన చెప్పిన వంశవృక్షంలో సగం సమాచారం అక్కడిదే. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. మార్లవాయి గోండులు ఇద్దరినీ కలిపే తలుచుకుంటారు, ఒకరిని ఇంకొకరి నీడగా కాదు.

ఉస్మానియా సంగతి మీరు సరిగ్గానే రాశారు, ఒక్క ముక్క చేర్చాలి. 1944లో ఆయన్ను ఈశాన్య సరిహద్దులో సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపారు. యుద్ధం మొదట్లో కదలనివ్వని సర్కారే చివర్లో పిలిచి ఉద్యోగమిచ్చింది! 1945లో తిరిగి వచ్చి 1949 దాకా ఇక్కడ రెండు కుర్చీల్లో కూచున్నారు. ఒకటి ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడి కుర్చీ, రెండోది నిజాం ప్రభుత్వానికి గిరిజనులు, వెనకబడిన తరగతుల సలహాదారు కుర్చీ. ఉదయం పాఠం చెప్పే మనిషే సాయంత్రం భూమి పట్టాల ఫైలు చూసేవారన్నమాట. ఆదిలాబాద్‌లో గోండులకు పట్టాలు, మార్లవాయిలో 1943 నాటికే మొదలైన ఉపాధ్యాయ శిక్షణ, గోండి వాచకాలు, 1946 నాటి గిరిజన ప్రాంతాల నిబంధనలు, వీటన్నిటి వెనక ఆయన నివేదికలు ఉన్నాయి. చెంచులకూ అడవిలో ప్రత్యేక రక్షిత ప్రాంతం ఉండాలని సిఫారసు చేశారు. ఆదిలాబాద్‌లో పట్టా చేతికొచ్చింది కాబట్టి జనం గుర్తు పెట్టుకున్నారు. చెంచుకు పట్టా అక్కరలేదు, అడవిలో తిరిగే హక్కు కావాలి. తిరిగే హక్కు కాగితం మీద కనబడదు, అందుకే ఇక్కడ ఆయన పేరు నిలవలేదన్నది మా అభిప్రాయం.

1949లో లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల పాఠశాలకు వెళ్లారు. 1951 నుంచి 1976లో పదవీ విరమణ దాకా అక్కడే ఆచార్యుడు. 1953 నుంచి నేపాల్ పని, షేర్పాల మీద 1964లో పుస్తకం. ఆ భాగం మీ వ్యాసంలో వివరంగానే ఉంది. వదిలేసింది ఏమిటంటే, 1970ల చివర్లో ఆయన మళ్లీ ఇక్కడికి వచ్చి నలభై ఏళ్ల కిందట తాను చూసిన జనం ఏమయ్యారో చూసి, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అన్న పుస్తకం రాయడం. ఒకే పరిశోధకుడు ఒకే జనాన్ని నలభై ఏళ్ల తేడాతో చూసిన సందర్భాలు తక్కువ. ఆ పుస్తకంలో కోపం ఉంది. కాగితం మీద చట్టం ఉండి కూడా గోండుల భూమి చేతులు మారిన తీరు మీద కోపం.

ఆ కోపంలోని ఒక భాగాన్ని ఈ మధ్య ఎడాపెడా వాడుతున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. తెలంగాణలో లంబాడాలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చింది 1976లో. దాని వల్ల ఆదిలాబాద్ గోండుల భూములకు రక్షణ పోయిందని హైమెండార్ఫ్ గట్టిగా రాశారు. ఆయన చూసింది ఆదిలాబాద్, బయటి నుంచి వలస వచ్చిన కుటుంబాలు గోండు ఊళ్లలో భూమి పట్టడం. ఆ వాక్యాన్ని పట్టుకొచ్చి నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట తండాల మీద వేయడం చదువు కాదు. అక్కడి లంబాడాలు తరతరాలుగా ఆ రాళ్లనేలల మీదే ఉన్నారు, ఫ్లోరైడ్ నీళ్లు తాగింది వాళ్లూ వాళ్ల పక్కవాళ్లే. ఒక జిల్లాలో నెలల తరబడి ఉండి రాసిన మాటకు ఆ జిల్లాలోనే బలం.

ఇంత పాత పుస్తకంతో ఇప్పుడేం పని అని అడిగేవాళ్ల కోసం మిగతా ఉత్తరం. అటవీ హక్కుల చట్టం 2006 కింద ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో దాని నియమావళిలో 13వ నియమం చెప్తుంది. పాత రికార్డుల్లో ఆ ఊరి నివాసిగా పేరున్న మనిషి దాకా తీసుకుపోయే వంశవృక్షం అందులో ఒకటి. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచారాల నమోదు ఇంకొకటి. క్లెయిము పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పిన మాటను కాగితం మీద పెట్టినా సాక్ష్యమే. ఒక్కటి చాలదు, ఒకటికి మించి జతచేయాలి. 1940లో పెంటల పేర్లు, ఇంటిపేర్లు, మనుషుల బంధుత్వాలు అచ్చయిన పుస్తకం ఉంది. దానికి ఇప్పటి కుటుంబాలను కలిపే పటం, ఇద్దరు ముసలివాళ్ల వాంగ్మూలం తోడైతే ఫైలు నిలబడుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది, చెంచుల దగ్గర 75 ఏళ్ల ఆధారం అడగడం. మూడు తరాలు, 75 ఏళ్లు అన్నది గిరిజనేతర సంప్రదాయ అటవీవాసులకు పెట్టిన షరతు. షెడ్యూల్డ్ తెగలకు అది లేదు, 2005 డిసెంబర్ 13 నాటికి ఆ అడవిలో నివాసం, దాని మీద బతుకు ఉన్నాయని చూపిస్తే చాలు. రెండోది, ఫారం తప్పు. ‘ఎ’ ఫారం ఒక కుటుంబం సాగు భూమికి, అదీ నాలుగు హెక్టార్లు మించకుండా. తేనె, గడ్డలు, సారపప్పు, తునికాకు, చేపలు, తిరిగే దారులు, వీటికి ‘బి’ ఫారం. ఊరంతా కలిసి అడవిని కాపాడుకునే హక్కుకు 2012 సవరణతో వచ్చిన ‘సి’ ఫారం. గడ్డలు తవ్వుకు తినే కుటుంబం చేత ‘ఎ’ ఫారం ఒక్కటే నింపిస్తే ఆ కుటుంబం బతుకులో చిన్న ముక్కకే హక్కు అడిగినట్టు. మూడోది, చెంచుల్లాంటి ఆదిమ తెగలకు చట్టం ప్రత్యేకంగా ఇచ్చిన ఆవాస హక్కు. ఆవాసం అనగానే ఇల్లు అనుకుని గృహనిర్మాణ పథకం వైపు తోసేస్తారు. చట్టంలో ఆ మాటకు అర్థం ఆ తెగ తరతరాలుగా తిరిగిన మొత్తం ప్రాంతం, రిజర్వు అడవి లోపలిది కూడా. ఏ పెంటవాళ్లు ఏ వాగు దాకా గడ్డలు తవ్వుతారు, ఏ కొండ తేనె ఎవరిది అన్నది రాసి ఉన్న పుస్తకం దానికి పనికొచ్చినంతగా ఇంకేదీ పనికిరాదు. పులుల అభయారణ్యం నుంచి ఊళ్లను తరలించే మాట వచ్చినప్పుడు కూడా, ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ అన్నీ తెలిసి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ వరస తిరగబడితే ఆ ఒప్పుకోలు చెల్లదు.

నాలుగోది కొంచెం చిక్కు. చెంచుల్లో మగవాడు భార్య పెంటకు వెళ్లి ఉండటం మామూలే, తర్వాత తిరిగి రావడమూ మామూలే. ఆధార్‌లో ఒక పెంట, రేషన్ కార్డులో మన్ననూరు, క్లెయిములో మూడో పెంట ఉంటుంది. చిరునామా కలవలేదని ఫైలు వెనక్కి వస్తుంది. భార్య పుట్టింటి పెంట ఏదో వంశవృక్షంలో రాసి ఉంటే ఆ తేడాకు జవాబు అక్కడే ఉంటుంది. ‘కుటుంబ యజమాని’ పేరుతో మొదలయ్యే సర్వే ఫారంలో ఆ గడి ఉండదు.

పుస్తకంలో, ఫొటోల కింద పేర్లు ఇంగ్లిషులో ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాల్లో తకు టకు, దకు డకు తేడా లేదు, దీర్ఘం తెలియదు. కాట్రాజు వాళ్ల పేరు అచ్చులో చూసి కత్రాజు అని చదివితే ఆ ఇంటివాళ్లే గుర్తుపట్టరు. పెంటల పేర్లకూ అంతే. కాబట్టి పుస్తకంలోని జాబితాను ఎవరో టైపు చేసి ఊరికి పంపడం కాకుండా, గట్టిగా చదివి వినిపించి, పెంటవాళ్లు సరిచేసిన ఉచ్చారణను తెలుగులో రాయించుకోవాలి. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో ఆయన పనిచేసిన సంస్థ భద్రపరిచింది, అందులో 1940 నాటి చెంచుల ఫొటోలు ఉన్నాయి. వాటిని ఫోనులో చూపిస్తే ముసలి కళ్లకు ఆనవు. కనీసం ఎనిమిది అంగుళాల వెడల్పున అచ్చు తీయించి, ఒక్కొక్కరికి విడిగా చూపించాలి. నలుగురి మధ్య పెడితే మొదట పలికినవాళ్ల మాటకే మిగతావాళ్లు తలూపుతారు. 1940లో పసిపిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు 85 దాటాయి, ఈ పనికి ఇంకెంతో వ్యవధి లేదు. పుట్టిన తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘పోలీసు చర్య (1948) నాటికి అమ్మ వెంట గడ్డలకు పోతున్నావా? శ్రీశైలం డ్యాము కట్టేటప్పుడు నీకు పెళ్లయిందా?’ అని అడిగితే వయసు దాదాపుగా తేలుతుంది. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పీజీ విద్యార్థుల ప్రాజెక్టులకు ఇంతకంటే దగ్గరి పని ఏముంది? ఒక్కొక్కరికి ఒక పెంట, రెండు సెలవులు, కార్డులు, చార్టు.

ఇక మీరు సవరణ వేసేటప్పుడు రెండు చిన్న సంగతులు. వ్యాసంలో మన్ననూరును మండలం అన్నారు, అది అమ్రాబాద్ మండలంలోని ఊరు. ఇప్పుడు అమ్రాబాద్ ఉన్నది నాగర్‌కర్నూల్ జిల్లాలో, 2016కు ముందు మహబూబ్‌నగర్‌లో. ఆయన పుస్తకాల్లో మహబూబ్‌నగర్ అని ఉంటే తప్పు అనుకుని దిద్దకండి.

ఇట్లు,
సమాజశాస్త్ర అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు కొందరు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా.